అమ్మ ఊదిన గాలి

ఆ ఇంట్లో పన్నెండు రోజులుగా ఉదయం కట్టు విప్పడంతోనే మొదలవుతోంది. ఆ రోజు కూడా కూతురు వంటింటి బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి దూది, గాజుగుడ్డ, కత్తెర వరసగా పెట్టుకుంది. ఆమె ఆసుపత్రిలో ఆపరేషన్ వార్డు నర్సు. డ్యూటీకి వెళ్లే ముందు తండ్రి కాలికి కట్టు మార్చి వెళుతుంది.

తండ్రి కుర్చీలు బాగుచేసే మేస్త్రీ. ఉలి జారి ఎడమ మోకాలి కింద రెండంగుళాలు తెగింది. క్లినిక్‌లో కుట్లు వేశారు. కట్లకు కూడా అక్కడికే వెళదామని కొడుకు అంటే, "ఇంట్లో నేను లేనా?" అంది కూతురు.

"అబ్బ! మండుతోందే!"

"నాన్నా, మా వార్డులో ఆరేళ్ల పిల్ల కూడా ఇంత గోల చెయ్యదు."

"ఆ పిల్లకు నువ్వు కూతురివి కావుగా. మీ అమ్మని పిలు. మందు వెయ్యడం నీ వంతు, మంట తీర్చడం దాని వంతు."

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వంగి, గాయం చుట్టూ చర్మాన్ని వేళ్లతో మెల్లగా పట్టుకుని మూడుసార్లు ఊదింది. పిల్లలు చిన్నప్పుడు మోకాళ్లు చెక్కుకుపోయి వచ్చినా ఇంతే చేసేది. మొదటిరోజు కూతురు "వద్దమ్మా" అనబోయింది. కానీ తండ్రి ముఖంలో బిగువు సడలడం చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఆమెకు అది కనిపించడం కూడా మానేసింది.

ఆ ఉదయం మాత్రం కూతురి చెయ్యి ఆగింది. కుట్ల చుట్టూ ఎరుపు అరచేయంత వెడల్పున పాకి ఉంది. వేలు పెడితే వేడి.

"నాన్నా, చొక్కా వేసుకో. ఆసుపత్రికి వెళ్దాం."

"పని ఉందే. రెండు కుర్చీలు ఇవ్వాలి."

"అవి నిలబడే ఉంటాయిలే. పద."

ఆసుపత్రిలో చేరేసరికి జ్వరం కూడా వచ్చింది. మొదటి మందుకు అది తగ్గలేదు. రెండోదానికీ తగ్గలేదు. మూడో రోజు డాక్టరు కూతుర్ని పక్కకు పిలిచాడు. గాయంలో ఉన్నది స్టెఫిలోకాకస్ అనే క్రిమి అనీ, అందులోనూ మామూలు మందులకు లొంగని రకమనీ చెప్పాడు. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనే కనిపించేదట, ఇప్పుడు ఇళ్లలోనూ ఆటస్థలాల్లోనూ తిరుగుతోందట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కులో చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుందట. ఇవన్నీ ఆమెకు తెలుసు. ఎంతోమంది ఇళ్లవాళ్లకు తనే చెప్పింది. అయినా కొత్తగా వింటున్నట్టు తల ఊపింది.

తండ్రిని విడిగా ఒక గదిలో పెట్టారు. ఇంట్లో అందరి ముక్కుల నుంచీ నమూనాలు తీశారు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, కొడుకు బస్సు దిగి డ్రైవరు దుస్తుల్లోనే ఆసుపత్రికి వచ్చాడు. తల్లి వరండాలో బెంచీ మీద ఉంది. అక్క అప్పుడే ల్యాబ్ నుంచి వస్తోంది.

"ఏమన్నారక్కా?"

"ఇంకో మందు మొదలుపెట్టారు. ఇదీ పనిచెయ్యకపోతే... కాలు తియ్యాలేమో అంటున్నారు. మోకాలి పైదాకా."

అతని గొంతు లేచింది.

"ఆ రోగాల మధ్య పొద్దంతా తిరిగొచ్చి, అదే చేత్తో నాన్న కట్టు విప్పావు. క్లినిక్‌కు వెళ్దామంటే నేను లేనా అన్నావు. ఉన్నావుగా! చూడు ఏమైందో!"

"ఒరేయ్, నోరు ముయ్! అది నీ అక్క," అంది తల్లి.

"అక్క కాబట్టే అంటున్నానమ్మా. పరాయి నర్సయితే ఏమనేవాణ్ణి?"

"అననీ అమ్మా," అంది కూతురు. "వాడన్నది నిజమే. నా వల్లే."

తమ్ముడు బయటికి వెళ్లాక ఆమె తల్లి చేతిలో చిన్న మందు ట్యూబు పెట్టింది. "ఇది రోజుకు రెండుసార్లు ముక్కులో రాసుకో. ఐదు రోజులు. ఇంట్లో అందరం రాసుకోవాలి."

మర్నాడు ఉదయం కొడుకు అద్దం ముందు తల దువ్వుకుంటుంటే తల్లి వెనక నిలబడింది.

"ముక్కులో మందు రాసుకున్నావా?"

"ఏం మందు?"

"అక్క ఇచ్చిందిగా, ట్యూబు."

"నాకేం ఇవ్వలేదే. నాలో ఏమీ లేదని చెప్పింది. నాకెందుకు?"

తల్లి ట్యూబు తీసి చూసింది. దాని మీద అతికించిన కాగితంపై ఒక్క పేరే ఉంది, ఆమెది.

ఆసుపత్రి వరండాలో కూతురు ఎదురుపడగానే, కొడుకు పక్కనుండగానే తల్లి అడిగింది.

"నీ ట్యూబు ఏదే?"

కూతురు చేతిలోని సంచీని మరో చేతికి మార్చుకుంది.

"నీలో ఉందా ఆ క్రిమి?"

"...లేదమ్మా."

"వీడిలో?"

"లేదు."

తల్లి బెంచీ మీద కూర్చుంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడవడానికి కాదు. ఇద్దరు పిల్లలు దగ్గరగా నిలబడి ఉన్నారని.

"పన్నెండు రోజులు ఊదాను," అంది కొంగులోంచి.

"ఊదితే వచ్చిందో, చేతుల నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మా. నేనే నీకు తెచ్చి ఉండొచ్చు, అది నాలో పోయి నీలో మిగిలి ఉండొచ్చు. బస్సులో పట్టుకున్న కమ్మీ నుంచి కావచ్చు. గాయం మీద ఊదకూడదని నీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసీ చూస్తూ ఊరుకున్నాను. అందుకే నా వల్లే అన్నాను. అబద్ధం చెప్పలేదు."

కొడుకు అక్క చేతిలోని సంచీ తీసుకున్నాడు. "నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను క్యాంటీన్ వైపు రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "తిట్టేశానక్కా నిన్ను," అన్నాడు.

"తిట్టావులే. వెళ్లి ఏదైనా తీసుకురా."

అతను తిరిగొచ్చేసరికి కట్టు మార్చే వేళ అయింది. ముగ్గురూ గౌన్లు, మాస్కులు, గ్లౌజులు వేసుకుని లోపలికి వెళ్లారు. వార్డు నర్సు కట్టు విప్పింది. ఎరుపు తగ్గలేదు, పెరగనూ లేదు. రేపు చూద్దామని డాక్టరు అన్నాడు.

"అంతా దొంగల్లా ఉన్నారు," అన్నాడు తండ్రి. మూడు మాస్కులూ మార్చి మార్చి చూశాడు. "కుర్చీ కాలయితే తీసేసి కొత్తది బిగించేవాణ్ణి. దీనికి నా దగ్గర కర్ర లేదు."

మందు పడగానే అతని వేళ్లు దుప్పటిని పట్టుకున్నాయి.

"ఏమే... ఊదు."

తల్లి కదల్లేదు.

"ఒక్కసారి. వీళ్లకెవరికీ చేతకాదు."

"డాక్టరు వద్దన్నాడండీ."

"వాడికేం తెలుసు?"

కూతురు ముఖం తిప్పుకుంది. పదకొండేళ్లుగా ఇలాంటి గదుల్లో ఎవరికో ఒకరికి ఏదో ఒక మాట చెబుతూనే ఉంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

తల్లి మంచం దగ్గర నుంచి వెనక్కి నడిచింది. తలుపుదాకా వెళ్లి వీపు ఆనించి నిలబడింది. అక్కడి నుంచి భర్త కాలివైపు చూస్తూ ఊదింది. మాస్కు కొంచెం ఉబ్బి మళ్లీ ముడుచుకుంది. ఆ గాలి ఎక్కడికీ పోలేదు, వేడిగా ఆమె ముఖానికే తగిలింది. మళ్లీ ఊదింది. మూడోసారి ఊదేసరికి మాస్కు తడిసిపోయింది.

అతను ఆ మాస్కునే చూస్తున్నాడు. దుప్పటి మీద వేళ్లు మెల్లగా వదులయ్యాయి.

"ఆఁ," అన్నాడు కళ్లు మూసుకుని. "తగ్గింది."