ముద్ర కింది ముఖం

“తీసెయ్‌రి! జల్ది తీసెయ్‌రి! నా ఇంట్ల గోడకు బొమ్మ ఎక్కదని తెల్వదా మీకు?”

వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న శివమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఆమె భర్త యాకోబు గొంతు పెంచడమంటే ఏడాదికోసారి జరిగే వింత! పిండి చేతులతోనే ముందు గదిలోకి పరుగెత్తింది. అల్లుడు పీటర్ తెల్లబోయి నిలబడి ఉన్నాడు. అతని చేతిలో నలభై రోజుల మనవరాలి ఫోటో... బీదర్‌లో పెద్దది చేయించి, నాలుగు మూలలా గులాబీలు వేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి తెచ్చాడు పాపం! ఆదివారం ప్రార్థన ముగించుకుని మామ ఇంటికి వచ్చేలోపు మేకుకు తగిలించి, ఆయనను సంతోషపెట్టాలనుకున్నాడు. మామ వచ్చాడు, చూశాడు, చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి ఫోటోను దించి అల్లుడి చేతిలో పెట్టాడు.

“పసిపిల్ల ఫోటో నాయినా!” కూతురు నవత అడ్డుపడింది. “దీనికి మేము మొక్కుతమా?”

“ఇయ్యాల మొక్కరు. రేపు పూలదండ ఏస్తరు, ఎల్లుండి దీపం పెడ్తరు. ఎట్ల షురువైతదో నాకెరుకే. పది ఆజ్ఞల్ల రెండోది ఏం చెప్తది? ఆకాశంల ఉన్నదైనా, భూమ్మీద ఉన్నదైనా రూపం చెయ్యొద్దు!”

“మరి నీ ఆధార్ కార్డు మీద ఉన్నది ఎవరి రూపం?”

“అది సర్కారు అడిగింది. నేను అడగలే.”

యాకోబు తీరే అంత! జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి దాకా బొంబాయి రోడ్డు మీద ఆగే లారీలకు పేర్లూ నంబర్లూ రాసే పెయింటర్ అతను. అక్షరమైతే ముత్యమే. కానీ పులి బొమ్మ వేయమంటే బ్రష్షు కింద పెట్టేస్తాడు. గిరాకీ పక్కవాడి దగ్గరికి పోయినా సరే, ఒక పువ్వు గియ్యమన్నా గియ్యడు. అలాగని వాళ్ల సంఘంలో అందరూ అతనిలాంటి వాళ్లేమీ కాదు. పాస్టరుగారి ఇంట్లోనే గోడకు మూడు పెళ్లి ఫోటోలున్నాయి! ఆయనే ఒకసారి ఓపిక చేసుకుని, “పూజిస్తే తప్పు గానీ చూసుకుంటే తప్పు లేదు యాకోబూ” అని చెప్పి చూశారు. “మీకు లేదు సార్, నాకున్నది” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు ఈ మొండిమనిషి.

నవతకు మాత్రం ఇవాళ ఓపిక అయిపోయింది. పురుడు పోసుకోవడానికి వచ్చి మూడు నెలలుగా దాచుకున్న దుఃఖమంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

“మా అత్తమ్మ అడుగుతున్నది నాయినా, పిల్ల ఎవరి పోలిక అని! పీటర్ పోలిక లేదు, నీ పోలిక లేదు. మీ అమ్మ పోలికనా అని అడిగితే నేనేం చెప్పాలె? కన్నతల్లి ముఖం ఎట్లుంటదో నాకు తెల్వది! ఒక్క ఫోటో ఉంచకపోతివి, ఆమె పేరు గూడ ఎత్తనియ్యకపోతివి... ఇప్పుడు నా బిడ్డ ముఖం గూడ నీకు బరువైందా? సాయంత్రమే బీదర్ పోత. మల్ల ఈ గడప తొక్కను!”

లోపలి గదిలోకి వెళ్లి, ఉయ్యాల పక్కన కూర్చుని, పిల్ల బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. కన్నీళ్లు బట్టల మీదే పడుతున్నాయి...

శివమ్మ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. మాట్లాడే ముఖం తనకెక్కడిది! నవతను కన్న భాగీరథి పోయేనాటికి పిల్లకు నాలుగేళ్లు. మరుసటి ఏడు న్యాల్‌కల్ నుంచి రెండో భార్యగా ఈ ఇంటికి వచ్చింది శివమ్మ. అప్పుడే కొత్త రేషన్ కార్డు చేయించారు. పాతదాన్ని యాకోబు ఆమె చేతికిచ్చి, “పొయ్యిల వెయ్యి” అన్నాడు. దాని మీద బొటనవేలంత ఫోటో. యాకోబు, పక్కన భాగీరథి, ఆమె ఒళ్లో బుజ్జి నవత. తల్లి లేని పిల్ల, పెద్దయ్యాక అడుగుతుంది కదా అని శివమ్మ దాన్ని పొయ్యిలో వేయలేదు, పెట్టెలో చీర మడతలో పెట్టింది. పెట్టినప్పుడు మనసులో ఏ మచ్చా లేదు! కానీ ఆరు నెలలు తిరిగేసరికి పిల్ల ‘అమ్మా’ అనడం మొదలుపెట్టింది. తనకా కడుపు పండలేదు, ఉన్నది ఈ ఒక్క పిల్లే! పదేళ్లప్పుడు నవత, “ఆ అమ్మ ఫోటో ఒక్కటన్న లేదా అమ్మా?” అని అడిగితే, “లేదు బిడ్డా” అన్న మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పబోయిందో... అబద్ధం పాతబడేకొద్దీ విప్పడం కష్టం.

ఇప్పుడు పిల్ల వెళ్లిపోతోంది. తప్పంతా తండ్రి నెత్తిన పడింది గానీ అందులో సగం తనది కాదా? దాచుకుంటే పిల్ల ఈ ఇంటికి దూరమవుతుంది, చూపిస్తే తనకు దూరమవుతుంది. ఎటు చూసినా నష్టపోయేది తనే! అయినా సరే... బిడ్డ ఏడుపు కంటే అదేమీ పెద్దది కాదనిపించింది. శివమ్మ చేతులు కడుక్కుని పెట్టె తెరిచింది.

“ఇది చూడు బిడ్డా.”

నవత అందుకుని ఒక్క క్షణం బిత్తరపోయింది. “ఎక్కడిదమ్మా ఇది?”

“నా తాననే ఉండె. ఇరవై ఏండ్ల సంది.”

“మరి నేనడిగితే లేదంటివి గదా!”

“అబద్ధం చెప్పిన. ఆమెను చూస్తే నువ్వు నన్ను అమ్మా అనవేమోనని భయపడ్డ. గంతే బిడ్డా, వేరే సాకు లేదు నా తాన.”

“నువ్వు గూడనా అమ్మా! నాయిన ఒక తీరు దాస్తే నువ్వొక తీరు దాచినవా!” నవత మోకాళ్లలో తల పెట్టుకుని భోరున ఏడ్చింది. ఆ కోపంలోనూ ‘అమ్మా’ అన్న పిలుపు ఉందని శివమ్మకు ఆ క్షణాన తోచలేదు. దోషిలా గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

కాసేపటికి నవత కళ్లు తుడుచుకుని, కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అయ్యో, ఆ పిల్ల రాత ఏమని చెప్పాలి! ఆఫీసువాళ్లు కొట్టిన గుండ్రటి ముద్ర సరిగ్గా భాగీరథి ముఖం మీదే పడింది. నుదురూ కళ్లూ ఉన్నాయి. ముక్కూ నోరూ నీలిసిరా కింద కలిసిపోయాయి. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ముఖం సగమే దొరికింది!

“ముక్కు కనపడ్తలేదు...” అంది నవత చిన్నపిల్లలా. “ఎవరో పరాయామె లెక్కనే ఉన్నది అమ్మా... చూడంగనే గుర్తుపడ్త అనుకున్న!”

ఆ మాట గుమ్మంలోకి వచ్చిన యాకోబు చెవిన పడింది. కూతురి చేతిలోని కార్డు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్లలో భర్తకు ఎదురు చెప్పి ఎరగని శివమ్మకు అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం!

“జర ఇటు చూడయ్యా. బొమ్మ వద్దని వాక్యం చెప్పింది. సరే, వద్దు. తల్లి సంగతి బిడ్డకు చెప్పొద్దని ఏ వాక్యంల ఉన్నది? నోటి మాట గూడ విగ్రహమేనా?”

యాకోబు మంచం మీద కూలబడ్డాడు. అరచేతుల్లోకే చూసుకున్నాడు.

“ఆమె పోయినంక రేకు మీద ఆమె ముఖం నేనే గీసిన బిడ్డా. పానం పోసినట్టే వచ్చింది. మా అవ్వ దానికి బొట్టు పెట్టింది, నేను వద్దనలే. ముందుగాల దానికి అన్నం పెట్టి, తర్వాత నేను తినేది. పని బంద్, ప్రార్థన బంద్... పొద్దుమూకులు ఆ రేకు ముందరనే! నీకు నాలుగు దినాల సంది జ్వరమున్నదని పక్కింటోళ్లు వచ్చి చెప్తె గాని తెల్వలే. దవాఖానకు ఎత్తుకపోయినప్పుడు నీ కండ్లు తేలేసినయి. దేవుడు ఆ ఆజ్ఞ ఎందుకు పెట్టిండో గప్పుడు ఎరుకైంది నాకు! ఇంటికొచ్చి రేకును మంటల ఏసిన, ఫోటోలన్నీ కాల్చిన. మంది పెట్టుకుంటే తప్పు అనను. నా చెయ్యి సంగతి నాకు తెల్సు. కాని పేరు గూడ కాల్చిన చూడు... అది తప్పే. పేరెత్తితే మల్ల గా రేకు కాడికే పోతనని భయపడ్డ.”

ఇంతసేపూ గుమ్మం అవతలే నిలబడ్డ పీటర్ మెల్లగా, “ఫోటో మా ఇంట్ల పెట్టుకుంటం మామా. మీ గోడకు వద్దు” అన్నాడు.

“పెట్టుకోండ్రి” అన్నాడు యాకోబు. “మంచిగున్నది. గులాబీలే జర ఎక్కువైనయి.”

ఏడుస్తూనే నవ్వింది నవత. వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. “ముక్కు ఎట్లుండె నాయినా?”

“చిన్నది. కొన జర మీదికి లేచి ఉండేది. ఉయ్యాలల చూడు, గదే! నవ్వు రాకుండ పెదవి కొరుక్కునేది, అయినా ఆగకపోయేది. కోపమొస్తే సగం తెలుగుల, సగం కన్నడంల తిట్టేది. నేను సున్నం పూసిన గోడ మీద లెక్కలు రాస్తే...”

మాటలు ఒక్కొక్కటిగా మొదలై వానలా పడసాగాయి. వింటున్న శివమ్మకు లోపల ఏదో ఖాళీ అయిపోతున్నట్టుంది. కావలసిందే కదా ఇది, తానే కదా అడిగింది! అయినా ఆ తండ్రీకూతుళ్ల మధ్య తనకు చోటేదీ? పొయ్యి మీద రొట్టె మాడుతుందని గొణిగి లేచింది.

“ఆగు శివమ్మా. ఇది నువ్వు గూడ ఇనాలె” అన్నాడు యాకోబు. “ఆమె దవాఖానల ఉన్న ఆఖరి దినాలల్ల మీ నాయిన గూడ పానం బాగలేక ఆడనే ఉండె. యాదికున్నదా? వరండాల కూసుని నువ్వు ఓ పిల్లకు రొట్టె పాలల్ల నానబెట్టి తినిపిచ్చినవ్.”

ఎందుకు గుర్తులేదు! ఏడుస్తూ తిరుగుతున్న పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల నవతేనని పెళ్లినాడే గుర్తుపట్టింది. అదంతా యాకోబు చూశాడనీ, ఇంట్లో వండిపెట్టడానికి పనికొస్తుందని తనను అడిగాడనీ ఇన్నేళ్లూ అనుకుంది.

“చూసింది నేను కాదు. ఆమె మంచం కిటికీ పక్కన ఉండె. తల్లికి పానం బాగలేనప్పటి సంది ఈ పిల్ల ఎవరి చేతిల తినలే. ఆమె కిటికీలకెళ్లి చూసి నన్ను పిలిచింది. ‘నా బిడ్డ ఆమె చేతిల తిన్నది. నేను పోతే ఆమెనే అడుగు, ఇంకెవర్నీ తేకు’ అన్నది. అందుకే న్యాల్‌కల్ వెతుక్కుంట వచ్చిన.”

శివమ్మ తిరిగి మంచం దాకా వచ్చింది. ఏ ముఖానికి భయపడి ఇరవై ఏళ్లు పెట్టె మూసిందో, ఆ తల్లే తనను కోరి తెచ్చుకుందా! నవత లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది, భుజం మీద తల ఆనించింది.

“ఇంకోపారి చెప్పయ్యా...” అంది శివమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “ఆమె ఏమన్నదో, మల్ల ఒక్కపారి చెప్పు.”

యాకోబు మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.