లిఫ్టు గోతిలో దొరికిన ఫోను

ఆ కాంప్లెక్సులో లిఫ్టు పక్క షాపు ఎవరూ తీసుకోరు. అద్దె తక్కువే. అయినా తీసుకోరు. షట్టర్లు పడ్డాక ఆ లిఫ్టు ముందు నిలబడితే లోపల్నుంచి ఎవరో పిలిచినట్టుంటుందట... పేరు పెట్టి కాదు, వరస పెట్టి.

మా వదిన తీసుకుంది. ఆవిడ ఫోన్లు బాగుచేస్తుంది. "దెయ్యానికైనా ఎప్పుడో ఒకప్పుడు స్క్రీన్‌గార్డు కావాలిగా!" అని నవ్వేసింది.

ఈ సంగతి నాకు తనే చెప్పింది — నవ్వకుండా.

ఏడాది కిందట అక్కడ ఓ అమ్మాయి పోయింది. లిఫ్టు తలుపు తెరుచుకుందని అడుగు వేసింది. తలుపు తెరుచుకుంది గానీ లిఫ్టు రాలేదు. అప్పట్నుంచీ ఆ తలుపుకి గొలుసే. వదిన షాపు తీసుకున్నాక ఓ రోజు పొద్దున రిపేరువాళ్ళొచ్చి గొలుసు విప్పారు. రెండు సెల్లార్ల కింద, అడుగున గోతిలో, బురదలో, ఆ పిల్ల ఫోను దొరికింది. వాచ్‌మన్ ఆ పిల్ల అక్కకి కబురు పెట్టాడు.

చీకటి పడే వేళకి ఆవిడ వచ్చింది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"నేను పైన ఆఫీసులో పనిచేసేదాన్నమ్మా. అది పోయిన రోజు పొద్దున ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. సాయంత్రం కింద నుంచి ఫోన్ చేసింది... నేను ఎత్తలేదు. ఏమన్నా రాసిందేమో చూడాలి."

అద్దం నుజ్జునుజ్జు. తెర నల్లగా చచ్చిపోయింది. కానీ కాసేపు ఛార్జింగు పెట్టాక, వదిన చేతిలో ఫోను చిన్నగా వణికింది. అంటే లోపల ప్రాణం ఉంది.

వదిన దానికి యూఎస్‌బీ కేబుల్ గుచ్చి, రెండో కొస పెద్ద మానిటర్‌కి కలిపింది. ఓ మౌసు కూడా తగిలించింది. ఫోను తెర మీద కనపడాల్సిందంతా ఇక మానిటర్లో కనపడుతుంది.

వెలిగింది.

అక్కాచెల్లెళ్ళ ఫోటో. ఇద్దరూ పడీపడీ నవ్వుతూ.

ఆవిడ చెప్పిన నంబరు కొడితే తాళం తెరుచుకుంది. మెసేజీల్లో, పంపకుండానే ఆగిపోయిన ఒక ముక్క — "అక్కా, కోపం తగ్గిందా? లిఫ్టెక్కుతున్నా."

ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు... ఆ ముక్క పక్కన ఇంకో అక్షరం పడింది.

వదిన చెయ్యి మౌసు మీద లేదు.

"చీ..." ఆగింది. తర్వాత — "చీకటి."

"భయపడకండి," అంది వదిన. "అద్దం పగిలితే టచ్ తనంతట తనే నొక్కుకుంటుంది. రోజూ చూసేదే." అంటూనే ఫోను వెనక మూత ఊడదీసి, టచ్ వైరు పీకి పారేసింది. ఇక నొక్కడానికి అందులో ఏమీ లేదు.

అక్షరాలు ఆగిపోయాయి. వదిన గట్టిగా ఊపిరి వదిలింది.

మళ్ళీ మొదలయ్యాయి.

"అక్కా... రా."

ఆ పిల్ల అక్క కుర్చీలోంచి లేచింది. "వస్తున్నానే," అంది గుసగుసగా... నిద్రలోంచి పిలిచిన పసిపిల్లతో అన్నట్టు. నేరుగా లిఫ్టు వైపు నడిచింది. గొలుసు లేని తలుపు పక్కకి తోసింది. లోపల లిఫ్టు లేదు, చీకటి గొయ్యే.

వదిన చేతిలో ఫోనుతోనే పరిగెత్తింది. ఆ ఊపుకి కేబుల్ ఊడిపోయింది. ఆవిడ ఒక కాలు ఎత్తేసింది అప్పటికే — నడుం పట్టి వెనక్కి లాగితే ఇద్దరూ షాపు గుమ్మంలో వెల్లకిలా పడ్డారు.

"వదులమ్మా! అది పిలుస్తోంది! ఈసారైనా నన్ను పలకనీ!"

వదిన వదల్లేదు. తల తిప్పి షాపులోకి చూస్తోంది.

ఫోను తన గుప్పిట్లోనే ఉంది. కేబుల్ ఊడి బల్ల అంచున వేలాడుతోంది. మానిటర్ నల్లబడిపోవాలి.

నల్లబడలేదు.

"రా" అన్న మాట చెరిగిపోయింది. దాని చోట ఒక్కో అక్షరం, తొందరతొందరగా, తప్పుల్తో, దిద్దుకుంటూ...

"రావద్దక్కా. ఇక్కడ నేల లేదు. నేనింకా పడుతూనే ఉన్నా."