దర్జీ కొట్లో గాజుబల్ల

ఆ వీధి చివరి ఆటల హాలంటే, చీకటి పడ్డాక ఎవరూ అటు మొహం పెట్టేవారు కాదట. దాన్ని నడిపిన ముసలాయన ఓ సాయంత్రం ఆట మధ్యలోనే గాజుబల్ల మీదికి ఒరిగి కన్నుమూశాడు. గాజుబల్లంటే వాలుగా ఉండే పాత పిన్‌బాల్ మెషిను — అద్దం కింద ఇనుప గుండు దొర్లి, తగిలిన చోటల్లా పాయింట్లు పెరిగి గంట మోగుతుంది. మనిషి పోయాడు గానీ ఆట పోలేదని, ఆయన వేళ్లు ఇంకా ఆ మీటల మీదే ఉన్నాయని జనం చెప్పుకునేవారు.

అద్దె తక్కువని ఆ హాలే కొట్టుకి తీసుకుంది ఓ దర్జీ. మొండిది. దెయ్యమంటే లెక్కలేదు, మురికంటేనే అసహ్యం. ఇంకొకరు తాగిన గ్లాసు తోమి తోమి గానీ ముట్టని మనిషి. అలాంటిది, హాల్లో అడుగు పెట్టగానే డోకొచ్చినంత పనైంది. నేల చెప్పుకి అతుక్కుంటోంది. గోడలకి సిగరెట్ పొగ జిడ్డు. గాజుబల్ల మీటలు ఎందరి చేతి చెమటో పట్టి నల్లగా, బంకగా ఉన్నాయి. జరుపుదామంటే నలుగురు పట్టినా కదల్లేదు. చివరికి దాని మీద దుప్పటి కప్పేసి, పక్కనే కుట్టుమెషిను వేసుకుంది.

గుమ్మం మీద కొత్తగా లైటు బోర్డు పెట్టించింది. బోర్డు వెలిగిన కొన్నాళ్లకే మొదలైంది...

పొద్దు గూకాక, దుప్పటి కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు — గుర్ర్... ఆ వెంటనే — ఠంగ్... ఠంగ్... ఠంగ్... ఠంగ్... ఠంగ్.

మళ్లీ నిశ్శబ్దం.

ఎప్పుడు మోగినా ఐదే. నాలుగూ కాదు, ఆరూ కాదు. చేతికున్న వేళ్లన్ని. పక్కకొట్టు మంగలి ఓసారి గుమ్మంలో నిలబడి, "ఎవరూ...?" అని గుసగుసగా అడిగాడు. ఐదు సార్లు మోగింది. తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. కుట్టడానికిచ్చిన బట్టల్ని జనం కుట్టకముందే పట్టుకుపోయారు.

ఇక మిగిలింది ఆసుపత్రి హెడ్‌నర్సు ఒక్కతే. వార్డు వార్డంతటికీ తెల్ల యూనిఫారాలు కుట్టాలి. తానులు కొట్లోనే ఉన్నాయి. ఆవిడా మొన్న గంట విని, కొలతలివ్వకుండానే బయటికి నడిచింది. శుక్రవారం సాయంత్రం వస్తానని, అప్పటికీ ఆ గోల ఉంటే గుడ్డ వెనక్కి తీసుకుంటానని కబురు పెట్టింది. ఆ పనీ పోతే కొట్టు మూసుకోవడమే.

శుక్రవారం దర్జీ తన అక్క మొగుణ్ణి పిలిపించింది. ఒకప్పుడు ఇలాంటి మెషిన్లు బాగుచేసిన మనిషి. "ఏం మరదలా, దెయ్యానికీ కొలతలు తీస్తున్నావటగా" అంటూ వచ్చాడు. ఆమె నవ్వలేదు.

గంట ఎప్పట్నుంచని అడిగి, గుమ్మం మీది బోర్డు వెయ్యమన్నాడు. వేసింది. దుప్పటి తీశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు...

గుర్ర్...

ఐదు.

బావ మొహంలో నవ్వు పోయింది. "ముసలాయన ఆట... ఇంకా అవలేదే" అన్నాడు మెల్లగా.

అతను అద్దం జరిపి, కింది ఆటపలకని పైకెత్తాడు.

ముందు కంపు కొట్టింది — మక్కిన నూనె, మాడిన దుమ్ము, ఇంకేదో పుల్లటిది. దర్జీ ముక్కు మూసుకుంది. టార్చి వెలుగులో, అడుగున ఓ మోటారు. దాని చుట్టూ ఓ ముద్ద...

ముద్ద కదిలింది.

బొద్దింకలు. నూనెలో నానేసిన ఖర్జూరాల్లా, ఒకదాని మీద ఒకటి, నిగనిగలాడుతూ, మీసాలాడిస్తూ. వాటి సందుల్లో గుడ్ల తిత్తులు. వెలుగు తగలగానే నాలుగు పక్కలకీ పారాయి. ఒకటి పలక అడుగున సన్నటి ఇత్తడి రేకు మీంచి పాకింది. రేకు వంగి పక్కరేకుకి తాకింది — గుర్ర్... ఐదు సార్లు గంట.

"ఇదీ నీ దెయ్యం" అన్నాడు బావ.

తాకింది ఒక్కసారే కదా, ఐదెందుకని అడిగింది ఆమె, డోకు ఆపుకుంటూనే. అతను ఓపిగ్గా చెప్పాడు. ఆ రేకు గంట కొట్టదు, మోటారుని నిద్ర లేపుతుందంతే. మోటారుకి పళ్లచక్రం ఉంది. అది ఒక్క విడత తిరిగితే ఐదు పళ్లు వరసగా వచ్చి ఇంకో రేకుల జతని నొక్కి వదులుతాయి. నొక్కినప్పుడల్లా ఓ గంట, పది పాయింట్లు. పైన తాకినది వెంటనే వదిలేసినా మోటారు ఆగదు. చక్రం మళ్లీ తన గాడిలో పడేదాకా వేరే రేకు దానికి కరెంటు అందిస్తూనే ఉంటుంది.

"నీ కాజా మెషిను పెడలు ఒక్కసారి తొక్కి వదిలెయ్. కాజా మొత్తం అయ్యేదాకా ఆగుతుందా?"

ఆగదు. ఆమెకి ఇట్టే అర్థమైంది. ఆట సంగతీ అంతేనన్నాడు. పాత మెషిను, కరెంటు పోయినా ఆగిన చోటే నిలిచి ఉంటుంది. ముసలాయన ఆట అలాగే ఉండిపోయింది. ఆయన గాజుబల్లని కలిపి పెట్టుకున్న వైరు మీదే ఇప్పుడు ఆమె బోర్డు వెలుగుతోంది; బోర్డు వేస్తే దీనికీ కరెంటు వచ్చేస్తుంది.

"అదంతా సరే. ఈ రేకులకి నూనె చుక్క తగలకూడదు. ఇంత నూనె ఎవరు పోశారు?"

దర్జీ నేల చూపులు చూసింది. మెషిను గుర్రుమంటుంటే నూనె చాల్లేదనుకుంది. కుట్టుమెషినుకి వేసినట్టే, ముక్కు మూసుకుని, ఆటకి నాణేలు వేసే చిన్న తలుపు సందులోంచి కుట్టునూనె పోస్తూ వచ్చింది. కొట్లో కొత్తగుడ్డల నుంచి ఎగిరే గంజిపీచంతా ఆ జిడ్డుకి అంటుకుంది. మెత్తటి పక్క, గంజి భోజనం, మోటారు వెచ్చదనం — ఒకటో రెండో ఉన్న పురుగులకి అత్తారిల్లు దొరికినట్టయింది.

"నువ్వే మేపావన్నమాట, మరదలా."

ఆమె చెప్పులైనా తొడుక్కోకుండా, ఉత్తికాళ్లతోనే బయటికి పరుగెత్తి, కాలువలో కక్కుకుని వచ్చింది. దీనికన్నా దెయ్యమే నయం అనుకుంది. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటే ఉండనీ, గుడ్లయితే పెట్టదు కదా.

బావ వైరు పీకి, పలక దించి, దుప్పటి కప్పాడో లేదో — గుమ్మంలో హెడ్‌నర్సు. లోపలికి రాలేదు. తెల్ల తానుల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఏం తేలింది?"

బావ నిజం చెప్పబోయాడు. దర్జీ మోచేత్తో పొడిచింది. దెయ్యమున్న కొట్టుకైతే, అది వెళ్లిపోయిందంటే జనం మళ్లీ వస్తారు. బొద్దింకలున్న కొట్టుకి ఆసుపత్రి బట్టలెవరిస్తారు?

"దెయ్యమేనండీ" అంది నెమ్మదిగా. "ముసలాయనే. ఆట మధ్యలో పోయారు కదా... మా బావ ఆ ఆట ముగించి పంపేశాడు. ఇక రారు."

హెడ్‌నర్సు కాసేపు దుప్పటి వైపు చూసింది. "పాపం, పెద్దాయన" అని నిట్టూర్చి లోపలికొచ్చింది. కొలతలకి చేతులు చాపి నిలబడింది.

దర్జీ మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. టేపు ఇటివ్వమని బావకి సైగ చేసింది. ఆమె ఉత్తిపాదం కింద ఏదో ఇంకా కాళ్లాడిస్తోంది... మొహం మీద నవ్వు చెదరనీకుండా, మెల్లగా, ఒంటి బరువంతా ఆ కాలి మీదికి మోపింది.