లాంప్‌రూము మలుపుకాడ మోగిన గంట

రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చిన్నపిల్లలను నడుమ కూసోబెట్టుకోండ్రి. వేములవాడ రాజన్నను ఒక్కసారి మనసుల తల్చుకొని చెప్తున్న. నేను చూసింది కాదు, నాకు చెప్పినోళ్లు చెప్పినట్టే చెప్తున్న.

మన బొగ్గుబాయిల కాలనీల పాత లాంప్‌రూము ఎరుకే గదా. బాయిల దిగేటోళ్లకు నెత్తిదీపాలు ఇచ్చే గది. బాయి మూతబడి ఇరవై ఏండ్లాయె. గదికి తలుపుల్లేవు, కప్పు లేదు. గేటుకు వేలాడే షిఫ్టు గంటను తుక్కోళ్లు ఎన్నడో ఎత్తుకపోయిండ్రు. అయినా... పొద్దుగూకినంక గా మలుపుకాడ గంట మోగుతదంటరు. మోగితే వెనక్కి చూడొద్దు. చూస్తే ఎంట పడి ఇంటిదాకా వస్తదట.

ఏం వస్తదో ఎవ్వరూ చెప్పరు.

క్వార్టర్లకు పోవాలంటే గా మలుపుకాడనే కుడిదిక్కు తిరగాలె.

ఇగ, కోమల బిడ్డ సృజన ఉన్నది. ఏడో తరగతి. పన్నెండు మందిని కుక్కిన ఆటోల అంచుకు వేలాడుకుంట బడికి పోతుండె. సోమవారం నుంచి సైకిల్ మీద పంపుతనని కోమల మాటిచ్చింది. కానీ ఒక పరీక్ష పెట్టింది. ఆదివారం ఒక్కతే మెయిన్ రోడ్డు మీద బజారుకు పోయి సక్కగ తిరిగి రావాలె. తప్పు చేసిందంటే మళ్లా ఆటోనే.

కోమల నెల రోజులు ఎంట ఉరికి నేర్పింది. ఎడమ పక్కకే పో. తిరిగే ముందు వెనక్కి చూడు, చెయ్యి చూపు, అప్పుడు తిరుగు. హెల్మెట్ లేదని మొగని పాత బాయి టోపీ పిల్ల నెత్తికి కట్టి, దాని ముందట బజార్ల దొరికే చిన్న లైటు బిగించింది.

నాయనమ్మ కొమురవ్వ నేర్పింది మాత్రం ఒక్కటే. "లాంప్‌రూముకాడ వెనక్కి చూడకు బిడ్డా. మీ అవ్వకేం ఎరుక, గీ కాలనీకి నిన్నగాక మొన్నొచ్చింది."

కోమల కాపురానికొచ్చి పద్నాలుగేండ్లు.

ఆ ఆదివారం బజారు నుంచి వచ్చేటప్పుడు చెయిను రెండుసార్లు ఊడింది. చలికాలం, ఆరున్నరకే చీకటి. రోడ్డు మీద లైట్లు లేవు. సృజన నెత్తిమీది దీపం వేసుకున్నది. అంత దూరాన లాంప్‌రూము... నల్లగ.

వెనుక ఏదో వస్తున్నది.

అడుగుల చప్పుడు లేదు. బండి చప్పుడు లేదు. ఉత్తగ ఓ సుయ్యిమనుడు... నడుమ నడుమ సరసర.

కండ్లు మూసుకొని ఒక్క తొక్కుడు తొక్కితే ఇల్లు. కాలనీ పిల్లలందరు గట్లనే చేస్తరు. సృజన కూడ మలుపుకాడికి రాంగనే హ్యాండిలు కుడికి వంచబోయింది—

ఠంగ్...

గంట.

పిల్ల హ్యాండిలు వంచుడు ఆపింది. కోమల పెట్టిన పరీక్ష మనసుల మెదిలింది. దెయ్యమైతే ఇంటిదాకనే వస్తది. ఆటో అయితే పదో తరగతిదాక వస్తది.

వెనక్కి చూసింది.

మూడు బారల దూరంల తెల్లగ, ఎత్తుగ... తల లేదు. కాళ్లు కదుల్తలేవు. నేల మీద జారుకుంట మీదికే వస్తున్నది.

సృజన ఎడమకు గుంజుకొని కాలు కింద పెట్టింది. తెల్లటిది అటు ఊగి, ఇటు ఊగి, కీచుమని అరిచి తుప్పలల్ల పడ్డది. ఫట్టుమని పలిగింది. ఆకాశం నుంచి తెల్లతెల్లగ రాలినయి.

ప్యాలాలు.

తుప్పలల్లకెళ్లి సన్నటి గొంతు వచ్చింది. "తల్లీ... దీపం తల్లీ... నేను బాయిల పనిచేసినోన్ని గాదు. ఆసిఫాబాద్ నుంచి ప్యాలాలమ్మ వచ్చిన అంబదాస్‌ను. నన్ను ఇడిసిపెట్టు."

కొత్త బ్యాటరీ స్కూటర్. ముంగట మొఖం కానరాకుంట ప్యాలాల బస్తా. ఆయనకు బస్తా పక్కకెళ్లి కనవడ్డది టోపీ మీది దీపమొక్కటే, బాయిల సచ్చినోళ్ల దెయ్యమనుకున్నడు. సృజనకు భయం పోయి కోపమొచ్చింది.

"లైటెందుకు వేసుకోలే తాతా?"

"చార్జింగు ఒడుస్తదని బిడ్డా."

"ఒడిస్తే నెట్టుకపోదువు. నన్ను గుద్దితే ఏం చేస్తుంటివి?"

అంబదాస్ బండి లేపి నిలబెట్టిండు. లైటు వేసిండు. పిల్ల ఎనుకనే మెల్లగ ఇంటిదాక వచ్చిండు.

గడపల నిలబడ్డ కోమల అడిగింది ఒక్కటే, తిరిగేటప్పుడు వెనక్కి చూసినవా అని. సృజన తల ఊపింది. చూడకపోతే ఇయ్యాల పిల్ల నా బండి కిందనే అని అంబదాస్ కండ్లు తుడుచుకున్నడు. కోమల పిల్ల నెత్తిమీది టోపీ విప్పి, సోమవారం పొద్దుగాల యాళ్లకు లెవ్వుమన్నది.

మిగిలిన ప్యాలాలు నముల్కుంట కొమురవ్వ అన్నది, "వెనక్కి చూస్తే ఇంటిదాక వస్తదని చెప్పిన్నా లేదా? వచ్చిండు సూడు."

అందరు నవ్విండ్రు. నవ్వుకుంటనే అంబదాస్ అన్నడు, "మంచిగ గంట కొట్టినవ్ బిడ్డా. ఆ చప్పుడు ఇనంగనే నేను బ్రేకు మీద చెయ్యి వేసిన."

సృజన సైకిల్ దిక్కు చూసింది. దాని గంట మీది కప్పు నేర్చుకునే మొదటి వారమే ఊడిపోయింది. స్కూటర్‌కా... గంటే లేదు.

కొమురవ్వ చెయ్యి ప్యాలాలల్లనే ఆగింది.

ఎవరు కొట్టిండ్రో ఆ రాజన్నకెరుక. బాయిల దిగి మళ్ల ఇల్లు చేరని ఏ తండ్రో, ఈ పిల్లన్న చేరాలెనని కొట్టిండేమో. మీరు యాది పెట్టుకునేది ఒక్కటే. తిరిగే ముందు సృజన చూసినట్టు ఒక్కసారి వెనక్కి చూడుండ్రి. రేపు సైకిలెక్కే మీ పిల్లలకు గదే చెప్పుండ్రి, ఎల్లుండి మళ్లా చెప్పుండ్రి. గంట మోగినా సరే, మోగకున్నా సరే.