ఆదివారం చొక్కా

ఆదివారం పొద్దున్నే దిల్షాద్‌బీ ఇస్త్రీపెట్టె వేడి చేసింది. కొడుకు తెల్లచొక్కాకు ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖర్న వీపు. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతటికీ ఆదివారమంటే మటన్, వీళ్ళింటికి మాత్రం పోలీస్ స్టేషన్. ఇర్ఫాన్ తొమ్మిదింటికల్లా అక్కడికి పోయి, రౌడీషీటర్ల వరసలో నిలబడి, సంతకం పెట్టి రావాలి. మొదట్లో ఆమె ఏడ్చేది. ఇప్పుడు అదీ లేదు. నలిగిన చొక్కాతో పోతే నిజంగానే రౌడీ అనుకుంటారని ఇస్త్రీ చేస్తుంది, అంతే.

ఇంతకీ వాడు వెలగబెట్టిన రౌడీతనం ఏమిటయ్యా అంటే, మార్కెట్లో తోపుడుబండి ముసలాయన్ని ఒక కానిస్టేబుల్ కొడుతుంటే ఫోన్లో వీడియో తీశాడు. కొట్టినాయన సారు, తీసినవాడు రౌడీ! ఆ నెలలోనే వాడి పేరు మీద షీటు తెరిచారు. కువైట్ పోదామని పెట్టుకున్న పాస్‌పోర్టు ఆగిపోయింది.

ఆమె చొక్కాను కొక్కేనికి తగిలిస్తుంటే వనజమ్మ వచ్చింది. జమ్మలమడుగులో టీచరుగా చేసి రిటైరై, ఇప్పుడు పౌరహక్కుల వాళ్ళతో కలిసి స్టేషన్లూ కోర్టులూ తిరుగుతున్న మనిషి. ఎప్పుడొచ్చినా గడపలోనే టీ అడిగే ఆమె ఆ రోజు అడగలేదు.

"సమాచార హక్కు కింద అడిగితే మూడుసార్లు తిప్పి నాలుగోసారి ఇచ్చినారప్పా," అంటూ సంచిలోంచి కాగితం తీసింది. "ఇర్ఫాన్ మీద ఒక్క కేసూ లేదు. ఉండేది ఒకే ఒక సాక్షి."

"ఎవురు టీచరమ్మా?" అన్నాడు ఇర్ఫాన్.

వనజమ్మ అద్దాలు సర్దుకుని చదివింది. "'నా కొడుకు చెడు సావాసాలు పట్టి జనాన్ని బెదిరిస్తున్నాడు. మా మాట వినడు. పోలీసువారే కనిపెట్టి ఉండవలెను.' కింద వేలిముద్ర. షేక్ దిల్షాద్‌బీ, తల్లి."

కుట్టుమిషను ముందు కూర్చున్న తండ్రి అలీ అహ్మద్ కాలు తొక్కుడుబల్ల మీద ఆగిపోయింది. ఇర్ఫాన్ తల్లి వైపు తిరిగాడు.

"ఇది నువ్వు చెప్పినావా?"

"చెప్పలేదురా. పాస్‌పోర్టు ఎంక్వైరీ అనుకుంటి." ఆమె గొంతు కూరగాయల ధర చెబుతున్నట్టుంది. "మన వీధిలో ఎవురు కువైట్‌కు పోయినా పోలీసాయన ఇంటికొస్తాడు గదా. కుర్చీ ఏసి, టీ ఇచ్చి, ఫోటో ఇచ్చి, యాడంటే ఆడ ముద్ర ఏస్తాం. మీ మామ పోయేటప్పుడూ అట్లే ఏస్తిని. ఈయన తెచ్చింది ఉత్త తెల్లకాగితం. తర్వాత రాసుకుంటాలే అన్యాడు. బిస్కెట్లు కూడా పెడ్తిరా నేను."

"పద్నాలుగు నెల్లు!" అలీ అహ్మద్ లేచాడు. "నోరు కుట్టేసుకున్యావా?"

"స్టేషన్లో రౌడీల బోర్డు మీద నేనిచ్చిన ఫోటోనే చూసిననాడు తెలిసింది, ఆ ముద్ర దేనికో. చెప్తే వాడింక నన్ను అమ్మీ అని పిలవడేమో అని..."

ఇర్ఫాన్ మొహం తిప్పుకున్నాడు. గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఈ కాగితం అబద్ధమని నువ్వు చెప్పాల దిల్షాదూ," అంది వనజమ్మ. "హైకోర్టు లాయరుకు నీ వాంగ్మూలం పంపిస్తా. షీటు కొట్టేయమని అడుగుదాం."

"వద్దు టీచరమ్మా! నీళ్ళల్లో ఉండి మొసలితో వైరమా?" అలీ అహ్మద్ వీధి తలుపు దగ్గరికి వేశాడు. "వాడు పోతాండాడు, సంతకం పెట్టి వస్తాండాడు. ఏం కొంప మునిగిందని?"

"నీకు మునగలేదులే," అన్నాడు ఇర్ఫాన్. "ఆడ నన్ను పేరుతో పిలవరు, నంబరుతో పిలుస్తారు. ముందు శానా కోపమొచ్చేది. ఇప్పుడు నంబరు పిలవంగానే నా చెయ్యి దానంతటదే లేస్తాంది. అదే నాకు భయం."

మిషను మీద పడి ఉన్న గుడ్డముక్కను మడతపెడుతూ తండ్రి తల దించుకున్నాడు.

"రాయండి టీచరమ్మా," అంది దిల్షాద్‌బీ.

వనజమ్మ రాసింది. ముద్ర వేయడానికి ముందు దిల్షాద్‌బీ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి అయ్యాక, "నా కొడుకు మంచోడని కూడా రాయండి," అంది.

"కోర్టుకు అది అక్కర్లేదమ్మా."

"నాకు కావాల."

వనజమ్మ ఆ మాటా చేర్చింది. దిల్షాద్‌బీ సిరాలో బొటనవేలు అద్ది గట్టిగా నొక్కింది. అలీ అహ్మద్ ఆ కాగితం చుట్టూ కాసేపు తచ్చాడి, చివరికి పెన్ను అందుకున్నాడు. "నేను తండ్రిని గదా. నా సంతకమూ ఉండనీ," అన్నాడు.

దిల్షాద్‌బీ నల్లబడ్డ వేలును చూసుకుంటూ అట్లాగే కూర్చుండిపోయింది. ఇర్ఫాన్ కొక్కేనికున్న తెల్లచొక్కా లాగి, తల్లి ముందు గొంతుకూర్చుని, దాంతో ఆమె వేలు తుడవసాగాడు.

"ఒరేయ్, ఇప్పుడే గదరా ఇస్త్రీ చేసింది! తొమ్మిదైతాంది, ఏం తొడుక్కోని పోతావు?"

"ఏదో ఒకటి. నువ్వు చెయ్యి ఇట్లియ్యి అమ్మీ."

ఎన్నో నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొడుకు భుజం మీద తల పెట్టి దిల్షాద్‌బీ వీధి వినేలా ఏడ్చింది.