చల్లారని ఇంజను

ఆ ఇంటి పక్కన ఒక రేకుల షెడ్డు. మూడు వైపులా గోడే గానీ ముందు తలుపు లేదు. చలికాలం వచ్చిందంటే పొగమంచు నేరుగా లోపలికి వచ్చి కారు మీద కూర్చుంటుంది. ఇంట్లో ఉండేది నర్సమ్మ ఒక్కతే. తెల్లారకముందే డ్యూటీకి బయల్దేరాలి, ఆ వేళకి బస్సులుండవు. ఆసుపత్రిలో రాత్రంతా నిలబడ్డ నర్సు ఈమె వెళితే గానీ ఇంటిముఖం చూడలేదు. కారు కదలకపోతే కుదరదు మరి.

ఆ కారేమో చలి మొదలైనప్పటి నుంచి పేచీ పెడుతోంది. తాళం తిప్పితే ఒకసారి దగ్గుతుంది, వణుకుతుంది, చెప్పబోయిన మాట మింగేసినట్టు ఆగిపోతుంది. నాలుగైదుసార్లు బతిమాలితే గానీ అందుకోదు. ఒకసారి వేడెక్కిందా, ఇక సాయంత్రం దాకా దానంత బుద్ధిమంతురాలు లేదు.

"బావ ఉన్నన్నాళ్ళూ ఇలాగే చేసేదా?" అని అడిగాడు తమ్ముడు. అతనిది మెకానిక్ షాపు.

"ఆయన ఉన్నన్నాళ్ళూ నేనెప్పుడు స్టార్ట్ చేశాన్రా? నేను జడ వేసుకుని వచ్చేసరికి కారు వెచ్చగా ఉండేది."

నిజమే. ఆయన రోజూ ముందే లేచి, ఇంజను నడిపించి, బానెట్ ఎత్తి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, చంటిపిల్లకి ఒళ్ళు కాలుతోందేమో చూసినట్టు. ఆ కుడిచేతి ఉంగరం వేలు ఆయనకి సగమే ఉండేది. ఎప్పుడో ఫ్యాను బెల్టు తినేసింది. "నాలుగున్నర వేళ్ళతో కాపురం ఎలా చేస్తున్నావు బావా" అని తమ్ముడు ఏడిపిస్తే, "మీ అక్కకి పది ఉన్నాయిగా, సర్దుకుంటున్నాం" అనేవాడు.

కిందటి చలికాలం ఒక పొద్దున, నడుస్తున్న ఇంజను మీదికి అలాగే వాలిపోయి కనిపించాడు. నర్సమ్మ పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. బతికే ఉన్నాడనుకుంది. చాలాసేపు గుండె మీద నొక్కింది, పేరు పెట్టి కూడా పిలిచింది. ఆ వేడి ఇంజనుదనీ, మనిషిది కాదనీ తర్వాత గానీ తెలియలేదు.

"ఈ రాత్రి కారు జోలికి పోకు," అన్నాడు తమ్ముడు. "తాళం తిప్పకు, బానెట్ ఎత్తకు. వేడెక్కితే దీని జబ్బు దాక్కుంటుంది. పొద్దున్నే వచ్చి, చల్లగా ఉండగానే పట్టుకుంటా."

చీకటి వీడకముందే వచ్చాడు. కారు జబ్బు చదివే స్కానరు తెచ్చి స్టీరింగు కింద తగిలించాడు. కాసేపు చూసి, "దొరికింది దొంగ" అన్నాడు.

"ఇంజను వేడి ఎంతో కారులోని కంప్యూటరుకి చెప్పే సెన్సరు ఒకటి ఉంటుందక్కా. చల్లగా ఉందంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఇదేమో వెచ్చగా ఉందని అబద్ధం చెబుతోంది. చాలీచాలని పెట్రోలుతో అదేం లేస్తుంది, పాపం."

బయట ఎనిమిది డిగ్రీలు. సెన్సరు చెబుతున్నది ముప్పై ఏడు. బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి వేస్తే మంచుగడ్డ.

పాతది విప్పి కొత్తది బిగించాడు. ఎనిమిది చూపించింది. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. అంతలో అది పన్నెండు అయింది. ఇరవై... ముప్పై... ముప్పై ఏడు దగ్గర ఆగింది.

ఇంజను ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు.

తమ్ముడు సెన్సరు మళ్ళీ విప్పి, వైరు పట్టుకుని గాలిలో వేలాడదీశాడు. ఎనిమిది. బిగించాడు. మెల్లగా, తాపీగా, ముప్పై ఏడు.

తడి ఇనుము వాసన. పెట్రోలు వాసన.

"ఒరేయ్," అంది నర్సమ్మ గొంతు తగ్గించి. "అది మనిషి ఒంటి వేడి."

తమ్ముడు ఈసారి నవ్వలేదు. "రేపు చిన్న సామాను ఒకటి తెచ్చి వైరు మధ్యలో కలిపేస్తా. సెన్సరు ఏం చెప్పినా కంప్యూటరు చల్లగానే ఉందనుకుంటుంది. దాని మాట ఇక ఎవరూ వినక్కర్లేదు."

ఎవరూ వినక్కర్లేదన్న మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది.

ఆ పూటకి కారుని ఎలాగో బతిమాలి డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చాక ఆమె ఇంట్లోకి వెళ్ళలేదు. వెళితే ఏముంది? బోర్లించిన ఒక్క కప్పు, ఒక్క కంచం, ఒకే వైపు నలిగిన పక్క. షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఇంజను చల్లారుతూ టిక్... టిక్... మంటోంది. ఈ యేడాదిలో ఆ ఇంట్లో ఆమెకి ఎవరైనా ఊ కొట్టారంటే అదే.

"చలిలో ఎన్నాళ్ళు నిలబడతారు?" అంది. "ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంచుతాను. లోపలికి రండి."

టిక్ మనడం ఆగింది.

ఆ రాత్రి ఆమెకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

పొద్దున తమ్ముడి పిలుపు విని, శాలువా కప్పుకుని, గడియ పెట్టని తలుపు తెరిచి వచ్చింది. తమ్ముడు స్కానరు చూసి బుర్ర గోక్కున్నాడు. ఎనిమిది. ఎంతసేపు చూసినా ఎనిమిదే. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. దగ్గు లేదు, వణుకు లేదు.

"ఏం చేశావక్కా?"

"ఏం చేస్తాను. రమ్మన్నాను." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి గానీ మొహం నవ్వుతోంది.

అప్పుడు చూసింది. బానెట్ మీద పరుచుకున్న మంచులో, ఆయన రోజూ నిలబడే వైపు, ఒక కుడి అరచెయ్యి ముద్ర. ఆ మేర తడి ఆరిపోయి ఉంది. నర్సమ్మ ప్రేమగా దాని మీదికి వంగింది. బొటనవేలు. చూపుడువేలు. మధ్యవేలు...

ఉంగరం వేలు నిండుగా ఉంది. చివరి దాకా.

"ఇక్కడ చెయ్యి వేశావా నువ్వు?"

"బానెట్ ముట్టుకోనే లేదక్కా. నేరుగా లోపలికెక్కాను." తమ్ముడు ఇంజను చప్పుడు వింటూ మురిసిపోతున్నాడు. "మళ్ళీ మొండికేయకముందే బయల్దేరు. ఆసుపత్రిలో నీకోసం చూస్తుంటారు. బ్యాగేదీ?"

బ్యాగు లోపల ఉంది.

ఆమె ఇంటివైపు నడిచింది. ఇందాక తెరిచి వదిలిన తలుపు ఇప్పుడు మూసి ఉంది. గాలి లేదు. పొగమంచు కదలడం లేదు. వెనక కారు మెత్తగా, హాయిగా నడుస్తోంది.

తలుపు పిడి ఇనపది. రాత్రంతా మంచులో నానింది. వేళ్ళు కొంకర్లు పోతాయని శాలువా కొంగుతో పట్టుకోబోయి, ఎందుకో ఆగి, ఉత్త చేత్తోనే పట్టుకుంది.

పాతికేళ్ళుగా ఎందరి నుదుళ్ళో తాకిన చెయ్యి అది. థర్మామీటరు అక్కర్లేదు దానికి.

ముప్పై ఏడు.

పిడి ఆమె చేతిలో తనంతట తనే, మెల్లగా, లోపలి నుంచి తిరిగింది.