కోడలి దిక్కు

దుబాయి నుంచి కొడుకు పంపిన క్యాసెట్టును లస్మవ్వ వాకిట్లోనే పెట్టించింది. మెట్‌పల్లి దగ్గరి ఆ ఊళ్ళో క్యాసెట్టు వస్తే అందరూ కలిసే వింటారు. ఇంటివాళ్ళు, వాడకట్టువాళ్ళు బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. కొండల్ మొదట తల్లి ఆరోగ్యం అడిగాడు, వానల గురించి అడిగాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"అవ్వా, పోయినసారి మీరు పంపిన క్యాసెట్ల సత్తమ్మ మాట్లాడలే. మీరందరు మాట్లాడు, మాట్లాడు అంటున్నరు. ఆమె 'ఏం లేదు' అని ఊకున్నది. ఈడ మా గదిల అందరు ఇన్నరు. నీ పెండ్లానికి నువ్వు ఇష్టం లేవురా అని నవ్విండ్రు. ఇష్టం లేని మనిషి నాకెందుకు? తల్లిగారింటికి తోలు. నేనొచ్చినంక పెద్దమనుషులల్ల తెంపుకుంట."

బీడీ ఆకు కోస్తున్న కత్తెరలు ఆగిపోయాయి. గోడకు ఆనుకుని కూర్చున్న సత్తమ్మ చేతిలోని ఆకును చాటలో పెట్టి, లేచి, లోపలికి వెళ్ళి పడుకుంది.

"సూడు, మొగుడు గంత మాటన్నా కంట్ల సుక్క లేదు. గది గుండె గాదు, బండ," అంది పక్కింటి రామవ్వ.

"నీ ఇంట్ల సంగతి సూస్కోపో," అంది లస్మవ్వ. అన్నదే కానీ, ఆ అనుమానం ఆమెకూ ఉంది. బీడీలు ఏరి చూసే చెకర్ ఎలా గొణుగుతాడో చేసి చూపించి వాడకట్టంతటినీ నవ్వించిన పిల్ల, వానాకాలం నుంచి నోరు విప్పడం మానేసింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేస్తుంది. కోడి కూయకముందే లేచి, లేచిన చోటే కూర్చుంటుంది. లస్మవ్వ పనికి ఒళ్ళు వంగదని తిట్టింది. తర్వాత మంత్రం వేయించింది. దేనికీ మార్పు లేదు.

కబురు విని సత్తమ్మ అన్న అంతయ్య వచ్చాడు.

"అత్తమ్మా, మా చెల్లె మీకు బరువైతే మేం తీస్కపోతం."

"బరువని నేనన్ననా? కరీంనగర్ల తలకాయ డాక్టర్ ఉన్నడట. ముందు సూపిద్దాం."

"పిచ్చి డాక్టర్ దగ్గరికా? గీ ముచ్చట బయటపడితే రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?"

"సచ్చినంక ఎవడు చేసుకుంటడు?" అంది లస్మవ్వ. అంతయ్య వాళ్ళతోపాటే కరీంనగర్ బస్సెక్కాడు.

డాక్టరు సత్తమ్మను చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. తర్వాత లస్మవ్వకు చెప్పాడు. మెదడు అడుగుభాగంలో కొన్ని కణాలు ఉంటాయి. అవి సెరటోనిన్ అనే పదార్థాన్ని తయారుచేసి మెదడంతటికీ పంపుతాయి. నిద్ర, ఆకలి, సంతోషం, ఓపిక, పనిమీద మనసు... వీటిలో దానికి పాత్ర ఉంది. ఆ పని కుదురుగా సాగనప్పుడు మనిషి ఇలా అయిపోవచ్చు. అదొక్కటే కారణమని చెప్పలేం కానీ, దానిమీద పనిచేసే మాత్రలు ఉన్నాయి. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

"నా కొడుకంటే ఇష్టం లేక గాదా సారూ?"

"ఇష్టం ఉందో లేదో ఇప్పుడు ఆమెకే తెలియదమ్మా."

ఇంటికి వచ్చాక లస్మవ్వ తలుపు వేసుకుని, టేపు ముందు ఒక్కతే కూర్చుని కొడుక్కి క్యాసెట్టు నింపింది.

"కొండలూ, పిల్లకు తలకాయల ఏందో తయారు గావాలెనట. గది సక్కగ అయితలేదట. గందుకే నవ్వు రాదు, ఆకలి గాదు, మాట రాదు. నీ మీద కోపం గాదు బిడ్డా. మందు తింటుంది. జర ఓపిక పట్టు..."

మందు పనిచేయడం మెల్లగా తెలిసింది. సత్తమ్మ తెల్లవారేదాకా నిద్రపోయింది. ఒకరోజు ఇంకో ముద్ద అడిగింది. మరోరోజు రామవ్వ నడకను చేసి చూపించి, తానే కొంచెం నవ్వింది. ఆ వారంలోనే, కొండల్ గదిలో ఉండే అంజన్న సెలవు మీద ఊరికి వచ్చాడు. వాకిట్లో నిలబడి తల దించుకున్నాడు.

"కొండల్ నీ క్యాసెట్ ఇన్నడు చిన్నమ్మా. కోపమైతే ఎన్నడో ఒకనాడు తగ్గుతుండె అన్నడు. పిచ్చి అని తెల్సినంక అస్సలే వద్దంటుండు. వచ్చే నెల వస్తడట, పంచాయితీ పెడ్తడట."

లస్మవ్వ చాట కింద పెట్టింది. ఆ మాట కొడుకు చెవిన వేసింది తనే.

"వానికి చెప్పు. పెద్దమనుషులల్ల కూసున్ననాడు నేను పిల్ల దిక్కు కూసుంట. తెంపుకుంటే నన్ను గూడ తెంపుకొమ్మను."

లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. లస్మవ్వ పరుగెత్తింది. సత్తమ్మ నేలమీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"అత్తా... ఆయన నా దగ్గరికి రాడా? ఇగ నాకు ఆయన లేడా?"

లస్మవ్వకు మొదట భయం వేసింది, మళ్ళీ జబ్బు తిరగబెట్టిందేమోనని. కోడలి ముఖం చూశాక అర్థమైంది. వానాకాలం నుంచి ఆ పిల్లకు ఏ బాధా తగల్లేదు. మందు పనిచేసింది కాబట్టి ఇప్పుడు తగిలింది.

ఏడవకు అని ఆమె చెప్పలేదు. పక్కన కూర్చుని, కోడలి నోట్లోంచి కొంగు తీసేసింది.